మనం ఎవరి దగ్గరా లేం

‘నియర్’ అనే ఇంగ్లీషు మాటకు ‘దగ్గర’ అని అర్థం చెప్పి మా ఇంగ్లీషు మాస్టారు చేతులు దులుపుకున్నారు. పుస్తకంలో బల్ల, దాని పక్కన పిల్లి బొమ్మ. పిల్లి బల్లకు నియర్. అంతే పాఠం. బల్ల పిల్లికి నియర్ అని ఎందుకు అనకూడదో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పుడే అడిగి తెలుసుకుని ఉంటే, పెళ్ళయి విజయవాడ వచ్చాక నేను ఇన్ని తిప్పలు పడేదాన్ని కాదు.

ఆ మాటకు పుస్తకంలో ఉన్న అర్థం వేరు, మా వైపు నడిచే అర్థం వేరు. పామర్రు దాటాక, మా పుట్టింటికి వెళ్ళే దారిలో, వరి చేలో పాతిన హోర్డింగు ఒకటి ‘నియర్ విజయవాడ’ అంటూ ప్లాట్లు అమ్ముతోంది. అక్కణ్ణుంచి విజయవాడ రావాలంటే బస్సులో ఒక నిద్ర తీసి, లేచి, ఇంకా రాలేదా అని కండక్టరును అడిగి, ఆయన మొహం చూసి మళ్ళీ నిద్రపోవాలి. శుభలేఖల్లో కల్యాణ మండపం పేరు కింద ‘నియర్ ఫలానా సినిమా హాలు’ అని ఉంటుంది. ఆ హాలు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టి, ఆ అపార్ట్‌మెంట్లకు రంగు వెలిసిపోయి కూడా చాలా కాలమైంది. అయినా పెళ్ళివాళ్ళందరూ లేని హాలును గుర్తుపట్టి, ఉన్న మండపానికి చేరుకుంటారు. ఇక ‘వాళ్ళు మాకు బాగా నియర్ అండీ’ అని ఎవరైనా తమ చుట్టాల్ని గురించి చెప్పారంటే, ఆ చుట్టాలతో ఏదో పని పడిందని అర్థం చేసుకోవాలి.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. చిన్నది పెద్దదానికి నియర్ అవుతుంది గాని, పెద్దది చిన్నదానికి ఎప్పుడూ కాదు. బడ్డీకొట్టు బ్యాంకుకు నియర్. బ్యాంకువాళ్ళు మాత్రం తమ అడ్రసులో బడ్డీకొట్టు పేరు రాయరు. ఎటునుంచి కొలిచినా మధ్య దూరం అంతే కదా అని మీరనొచ్చు. అలా అనేవాళ్ళు మా మామయ్యగారి కొట్లో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

మా మామయ్యగారిది పటమటలో చేనేత చీరల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. వాళ్ళ నాన్నగారు మగ్గం గుంటలో కూర్చుని నేసిన మనిషి. ఈయన ఆ చీరల్ని మూట కట్టి, బస్సు మీద వేసుకొచ్చి, విజయవాడలో ఇల్లిల్లూ తిరిగి అమ్మి, చివరికి ఈ మలుపులో కొట్టు పెట్టారు. అప్పట్లో ఈ చుట్టుపక్కల చెప్పుకోడానికి ఏమీ లేదట. అందుకని జనం దీన్నే చెప్పుకున్నారు. బోర్డు మీద వాళ్ళ నాన్నగారి పేరు పెద్ద అక్షరాలతో రాయించినా, ఆ పేరు ఎవరి నోటికీ పట్టలేదు. అందరూ ‘నేతకొట్టు’ అన్నారు, అదే ఖాయమైపోయింది. షేర్ ఆటోవాళ్ళు ‘నేతకొట్టు, నేతకొట్టు’ అని కేకేసి మనుషుల్ని ఎక్కించుకునేవాళ్ళు. దిగేవాళ్ళు ‘నేతకొట్టు దగ్గర ఆపు బాబూ’ అనేవాళ్ళు.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మామయ్యగారు పొద్దున్నే కాఫీ తాగి వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. ఆరోగ్యం కోసం నడక అనుకున్నాను. ఒకరోజు కూరగాయలకని వెనకాలే వెళ్తే తెలిసింది, ఆయన వెళ్ళేది బోర్డులు చదువుకోడానికి. జిరాక్స్ షాపు బోర్డు మీద ‘నియర్ నేతకొట్టు’. ఒక నిమిషం ఆగేవారు. లేడీస్ టైలరు బోర్డు మీద ‘నియర్ నేతకొట్టు’. మరో నిమిషం. ఇడ్లీ హోటలువాళ్ళు బోర్డు మీదే కాక పార్సిల్ కవర్ల మీద కూడా అదే అచ్చేయించారు కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, ఆ వంకతో ఇడ్లీ తిని వచ్చేవారు. తిరిగొచ్చిన మనిషి మొహం గుళ్ళో అభిషేకం చూసి వచ్చినట్టు ఉండేది.

ఆయన విజిటింగ్ కార్డులో మాత్రం నియర్ అన్న ముక్క లేదు. కొట్టు పేరు, పటమట, విజయవాడ. అంతే.

“గుర్తేదీ రాయించలేదేంటండీ?” అని కొత్తలో తెలియక అడిగాను.

“గుర్తుకి మళ్ళీ గుర్తెందుకమ్మాయ్,” అన్నారు ఆయన.

అత్తయ్యగారు పక్కన చాప మీద కూర్చుని చీరలు మడత పెడుతున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు విప్పి చూసి వదిలేసిన చీరల్ని మళ్ళీ మడత నలగకుండా పెట్టడం ఆవిడ పని. ఆవిడలాగా మడత పెట్టడం నాకు ఇప్పటికీ రాదు.

“అవునమ్మా, ఆయన సెంటరు. నేను ఆ సెంటర్లో సోడాబండిని,” అన్నారు తలెత్తకుండా.

నాకు వెటకారం పుట్టింటి నుంచి వచ్చిందని మా ఆయన అంటారు. కాదు. సరంజామా మాత్రమే అక్కడిది. పదును పెట్టింది అత్తయ్యగారు.

అలా సాగుతుండగా ఎదురుగా షోరూం లేచింది. అంతస్తు మీద అంతస్తు, నిలువెత్తు అద్దాలు, లోపల కదిలే మెట్లు, గుమ్మంలో తలపాగాలు పెట్టుకుని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ దణ్ణాలు పెట్టే మనుషులు. దాని పేరు నేనిక్కడ రాయను. మా ఇంట్లో ఆ పేరు పలకడం నిషేధం. తప్పనిసరైతే ‘అద్దాలది’ అంటాం. ఈ నిషేధాన్ని మామయ్యగారు నోటితో ప్రకటించలేదు. మా ఆయన ఒకసారి అన్నం తింటూ ఆ పేరు అన్నారు. మామయ్యగారు కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. అంతకంటే ఏం ప్రకటించాలి?

ప్రారంభోత్సవం రోజు ఊరంతా మా గుమ్మం ముందే ఉంది. ఉన్నది ఎదురుకొట్టు కోసం, నిలబడ్డది మా మెట్ల మీద. మధ్యాహ్నం చూస్తే అత్తయ్యగారు కనపడలేదు. కాసేపటికి రోడ్డు దాటి, కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చారు.

“ఎక్కడికెళ్ళావ్?” అన్నారు మామయ్యగారు.

“అద్దాల దాంట్లోకి. బాదం పాలు ఇస్తున్నారు. బాగున్నాయి.”

“షుగరున్న మనిషివి నీకు బాదం పాలేంటి? అందులోనూ వాళ్ళవి.”

“ఇన్నేళ్ళు మీ కొట్లో కూర్చున్నా. మంచినీళ్ళు కూడా నేనే తెచ్చుకు తాగా. పిలిచి ఇచ్చేవాళ్ళు దొరికితే తాగొద్దా?”

ఆ రోజంతా మామయ్యగారు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ ఆ సంగతి గమనించినట్టు కూడా కనపడలేదు.

ముందుగా ఫిరాయించింది జిరాక్స్ షాపు. ఒక పొద్దున్న మామయ్యగారు నడకకు వెళ్ళి, చెప్పులు విడవకుండానే కొట్లోకి వచ్చి కూర్చున్నారు. బోర్డు మార్చేశారట. ఇప్పుడు అది అద్దాలదానికి నియర్. ఆ రోజు నుంచి మాకు ఆధార్ కాపీ కావాలన్నా ఆటోనగర్ దాకా వెళ్ళాలి. ఎదురుగా ఉన్న మిషను వదిలేసి ఎండలో అంత దూరం వెళ్ళొచ్చి, “అక్కడ ఇంకు బాగా పడుతుందమ్మాయ్,” అని మాకు చెప్పేవారు. తర్వాత టైలరు మారాడు. దాంతో ఇంట్లో ఆడవాళ్ళ జాకెట్లన్నీ కొత్త టైలరు దగ్గరికి వెళ్ళాయి. ఆ కొత్తాయన కుట్టిన జాకెట్టులో అత్తయ్యగారికి చెయ్యి పైకి లేచేది కాదు. “ఈయన పంతానికి నా చేతులు కట్టేశారు,” అని వచ్చినవాళ్ళందరికీ చెయ్యి ఎత్తబోయి చూపించేవారు.

ఇడ్లీ హోటలాయన పెద్దమనిషి. చెప్పకుండా చెయ్యలేదు. కొట్టుకొచ్చి, బల్ల మీద కూర్చుని, కాసేపు ఎండల గురించి మాట్లాడి, అప్పుడు విషయానికి వచ్చాడు.

“మీరేం అనుకోవద్దండీ. ఫోన్లో ఆర్డర్లు వస్తున్నాయి గదా, వచ్చే కుర్రాళ్ళకి నేతకొట్టు అంటే తెలీట్లేదండీ. జనానికి అదే తెలుస్తోంది.”

“నేనేమనుకుంటానండీ. మీ వ్యాపారం మీది,” అన్నారు మామయ్యగారు. మజ్జిగ కూడా ఇప్పించి పంపారు.

మర్నాటి నుంచి ఇడ్లీ మానేశారు. ఆ అల్లం చట్నీ లేకపోతే ఆయనకు పొద్దు గడవదని పటమట మొత్తానికి తెలుసు. అడిగితే, ఈ మధ్య వాళ్ళ ఇడ్లీ గట్టిపడిందన్నారు. ఇంట్లో నేను చేసిన ఇడ్లీ విసిరితే గోడకు సొట్ట పడుతుంది. అది మాత్రం నోరెత్తకుండా తిన్నారు. ఆయన బాధ ఎంతదో నాకు అప్పుడు కాస్త అర్థమైంది.

ఆఖరికి షేర్ ఆటోవాళ్ళు. వాళ్ళెవరికీ చెప్పి చెయ్యరు కదా. ఒక వారం ‘నేతకొట్టు’ అని ఒకడు, అద్దాలదాని పేరు చెప్పి ఒకడు అరిచారు. తర్వాత నేతకొట్టు అన్న కేక వినపడటం మానేసింది. మామయ్యగారు గల్లా పెట్టె దగ్గర కూర్చుని రోడ్డు వైపు చెవి పెట్టేవారు. చీర బేరం మధ్యలో కూడా ఆటో ఆగిన చప్పుడైతే మాట ఆపేసేవారు.

వ్యాపారం దెబ్బతిన్నదని ఈ గోల అనుకునేరు. అదేం లేదు. చేనేత కావాల్సినవాళ్ళు మెట్లెక్కి వస్తూనే ఉన్నారు. ఆయనకు పోయింది వేరే. ఊళ్ళో మనుషులు ‘దగ్గర’ అనే మాట పలికినప్పుడల్లా దానికి ముందు తన కొట్టు పేరు ఉండేది. మూట మోసిన మనిషికి అది పెద్ద ఉద్యోగంతో సమానం. దాన్ని ఎవరో ఊడబీకి ఎదురింటివాడికి ఇచ్చారు. ఇంత సంగతి ఉందని అప్పట్లో నాకు తెలిసినా ఒప్పుకునేదాన్ని కాదు. ఈ వయసులో ఇదేం పట్టుదల అని విసుక్కునేదాన్ని.

విసుగు రాదా మరి? ఒకరోజు పట్టుచీర కట్టుకున్న ఒకావిడ మా మెట్ల మీద నిలబడి, రోడ్డుకు వీపు పెట్టి, మామయ్యగారిని ఆ షోరూం ఎక్కడండీ అని అడిగింది. పేరు పెట్టి మరీ అడిగింది. ఆవిడ వెనకాల అద్దాలది పట్టపగలు దీపాలు వేసుకుని మెరిసిపోతోంది.

“తెలీదమ్మా,” అన్నారు మామయ్యగారు. “ఈ ఏరియాలో అలాంటిదేం లేదు.”

“పటమటే అన్నారండీ మరి.”

“ఎవరో తప్పు చెప్పుంటారు.”

ఆవిడ సరేనని వెనక్కి తిరిగింది. తిరిగి, దాన్ని పైనుంచి కిందికి చూసి, మళ్ళీ మామయ్యగారిని చూసింది. ఆయన చీరల మీద దుమ్ము దులుపుతున్నారు. ఆవిడ ఏమనుకుందో గాని, జాలిగా “పర్లేదులెండి బాబాయ్‌గారూ,” అని రోడ్డు దాటింది. నేను పక్క గదిలోకి వెళ్ళి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. అత్తయ్యగారు మాత్రం దాచుకోలేదు.

“రేపు ఎవరైనా కృష్ణానది ఎక్కడంటే కూడా తెలీదనండి,” అన్నారు.

ఇంతలో నేను ఫోన్లో చీరల ఫొటోలు పెట్టి అమ్మడం మొదలెట్టాను. మా ఆయనది ఇబ్రహీంపట్నం పవర్ ప్లాంటులో ఉద్యోగం. ఇంట్లో ఏ యుద్ధం జరిగినా ఆయనకు షిఫ్టు ఉంటుంది. అందుకని కొట్టు నేనూ మామయ్యగారే చూస్తాం. ఫొటోలు బాగానే పనిచేశాయి, ఊరూరా అడిగారు. చిక్కల్లా పార్సిళ్ళు తీసుకెళ్ళే కొరియర్ వాళ్ళతో వచ్చింది. వాళ్ళు రోజుకో మనిషి. ఫోన్ చేసి, ఎక్కడ మేడం, దేని దగ్గర అంటారు. నేతకొట్టు అంటే అదేంటి అంటారు. పక్కనే గల్లా పెట్టె దగ్గర మామయ్యగారు. అందుకని ఫోన్ మోగగానే లేచి, వెనక సరుకు గదిలోకి వెళ్ళి, మూటల మధ్య నిలబడి, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని అద్దాలదాని పేరు చెప్పేదాన్ని. ప్రేమలో పడ్డ పిల్లలు కూడా అంత భయపడుతూ ఫోన్లు మాట్లాడరు.

ఓపిక పట్టి పట్టి, విజిటింగ్ కార్డులు అయిపోయిన రోజున తాడో పేడో తేల్చుకుందామని కూర్చున్నాను. మా ఆయన కూడా ఆ రోజు ఖర్మకాలి ఇంట్లోనే ఉన్నారు.

“మామయ్యగారూ, ఈసారి కార్డులో నియర్ అని ఒక ముక్క వేయిద్దామండీ. జనానికి దారి తెలియడానికేగా.”

“ఎవరికి నియర్?” అన్నారు ఆయన, తెలియనట్టు.

నేను గడ్డంతో రోడ్డు అవతలికి చూపించాను. పేరు అనలేదు, బుద్ధి ఉంది కాబట్టి.

“మనం ఎవరి దగ్గరా లేం అమ్మాయ్. వాళ్ళొచ్చి మన దగ్గర కట్టుకున్నారు.”

“నిజమేనండీ. కానీ వాళ్ళు కనపడతారు, మనం కనపడం.”

“కనపడేవాళ్ళకి కనపడతాం.”

మా ఆయన గొంతు సవరించుకున్నారు. “పోనీ నాన్నగారూ, నియర్ వద్దు, ఆపోజిట్ అని వేయిద్దాం. ఎదురుగా అంటే సమానమే కదా.”

ఈ మాట మామయ్యగారికి కొంచెం ఎక్కింది. దగ్గర అంటే కిందివాడు, ఎదురుగా అంటే పోటీదారు. ఆలోచిస్తానన్నారు. ఆలోచించారు కూడా. వారం తర్వాత అన్నం తింటూ తీర్పు చెప్పారు.

“ఎదురుగా ఉంది వాళ్ళు. నేను ముందునుంచీ ఇక్కడే ఉన్నా. ఆ ముక్క వాళ్ళ కార్డు మీద వేయించుకోమను.”

కార్డులు పాత పద్ధతిలోనే అచ్చయ్యాయి. కొట్టు పేరు, పటమట, విజయవాడ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు పూటలు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన అది గమనించినట్టు కనపడలేదు. ఆ విద్య భార్య దగ్గర నేర్చుకున్నట్టున్నారు.

ఆ ఎండాకాలమే జరిగింది ఇది. విజయవాడ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. కరెంటు పోయింది. అత్తయ్యగారు ఆ పొద్దున షుగరు మాత్ర వేసుకుని, ఆకలి లేదని సరిగా తినకుండా, ఎప్పటిలాగే చాప మీద కూర్చుని చీరలు మడత పెడుతున్నారు. ఉన్నట్టుండి మడత తప్పింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ చేతుల్లో చీర మడత తప్పడం నేనెప్పుడూ చూడలేదు. “ఏంటండీ అత్తయ్యగారూ?” అన్నాను. ఆవిడ ఏదో అనబోయి, మాట ముద్దయిపోయి, చీరల మీదకు అలా ఒరిగిపోయారు.

ఒళ్ళంతా చెమట. పిలిస్తే కళ్ళు సగం తెరుస్తున్నారు, మళ్ళీ మూస్తున్నారు. నేను ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, పంచదార తడిపి పెదాలకు రాస్తూ కూర్చున్నాను. కంగారులో సగం నా చీర మీదే పడింది. మామయ్యగారు అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఆయన చెవికి సరిగా వినపడదని ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెడతారు, అందుకని రెండు వైపులా మాటలూ నాకు వినపడుతున్నాయి.

“ఎక్కడ సార్?” అన్నాడు అవతలి మనిషి.

“పటమట అండీ. నేతకొట్టు.”

“అంటే? దేని దగ్గర సార్?”

“నేతకొట్టు దగ్గర. నేతకొట్టే.”

“అది తెలీట్లేదు సార్. దగ్గరలో పెద్దగా తెలిసేది ఏమన్నా చెప్పండి. బండి పటమటలోనే ఉంది, వెంటనే వచ్చేస్తాది.”

నేను నోరు తెరిచాను చెబుదామని. అంతలో మామయ్యగారు అత్తయ్యగారి మొహం చూశారు. తర్వాత తలెత్తి రోడ్డు అవతలికి చూశారు. ఆ పేరు చెప్పారు. సగం కాదు, పొట్టిగా కాదు. ముందున్న ‘శ్రీ’తో సహా, చివరున్న ‘షాపింగ్ మాల్’తో సహా, బోర్డు మీద ఎలా ఉందో అలా.

“దాని దగ్గర బాబూ,” అన్నారు. “దానికి బాగా దగ్గర.”

అవతలి మనిషి అర్థమైంది సార్ అన్నాడు. అయినా ఈయన ఆగలేదు. ఆ పేరే మళ్ళీ చెప్పారు, మళ్ళీ చెప్పారు. ఫోన్ పెట్టేశాక కూడా పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెప్పులు లేకుండా రోడ్డు దాటి, కాలిపోయే తారు మీద పరిగెత్తి, జన్మలో తొక్కనన్న ఆ అద్దాలదాని మెట్లెక్కి, దాని బోర్డు కింద నిలబడి పైపంచె ఊపుతున్నారు. తలపాగాలవాళ్ళకు ఏం అర్థమైందో, వాళ్ళూ పక్కన నిలబడి చేతులు ఊపారు. అంబులెన్సు మలుపు తిరిగి సూటిగా అక్కడికే వచ్చింది. ఆయన దాని ముందు పరిగెత్తి మా గుమ్మానికి తెచ్చారు.

ఆసుపత్రిలో షుగర్ బాగా పడిపోయిందన్నారు, ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదన్నారు. ఆ మాట విని మామయ్యగారు కుర్చీలో కూర్చుని తన అరికాళ్ళు చూసుకున్నారు. బొబ్బలెక్కాయి. నర్సు మందు రాస్తుంటే, “ఈ మాత్రానికి ఎందుకమ్మా,” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అత్తయ్యగారి కోసమో ఆ కాళ్ళ కోసమో నాకే తెలియదు.

రెండు రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు. ఆ సాయంత్రం మేడ మీద అందరం కూర్చున్నాం. అత్తయ్యగారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. మా ఆయన షిఫ్టులో ఉండి జరిగింది చూడలేదు కాబట్టి అన్నీ వరసగా అడుగుతున్నారు.

“అయినా అంబులెన్సు వాళ్ళకి మన కొట్టు ఎలా దొరికింది? కొరియర్ వాళ్ళకే దొరకదు గదా. గుర్తు ఏం చెప్పారు?”

మామయ్యగారు తలెత్తి ఫ్యాను చూస్తున్నారు. అది తిరగడం జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎప్పుడు దొరకబుచ్చుకుందామా అని కాచుకుని కూర్చున్నదాన్ని నేను. ఇంత చక్కగా మళ్ళీ దొరకరు.

“నేనే చెప్పానండీ,” అన్నాను. “కంగారులో ఆ అద్దాలదాని పేరు చెప్పేశాను.”

మామయ్యగారు ఫ్యాను మీంచి చూపు దించి నన్ను చూశారు. ఒక్క క్షణం ఏమీ అర్థంకానట్టు చూశారు. తర్వాత సర్దుకుని కూర్చున్నారు.

“అదేంటమ్మాయ్,” అన్నారు, గొంతు పెంచి. “ఇంత పటమటలో నీకు ఇంకో గుర్తే దొరకలేదా? రైతుబజారు లేదా? హైస్కూలు లేదా? దొరికిందే సందని వాళ్ళ పేరే చెప్పాలా?”

“తప్పయిపోయిందండీ,” అన్నాను.

“సర్లే. అయిందేదో అయింది. ఇంకెప్పుడూ చెప్పమాక.”

ఆయన కర్ర పట్టుకుని కుంటుకుంటూ కొట్టు మూయడానికి కిందకు వెళ్ళారు. మా ఆయన నావైపు జాలిగా చూసి, నాన్నగారి సంగతి తెలుసు కదా అని, ఆయన వెనకాలే దిగారు. నేను అత్తయ్యగారి మాత్రలు తీస్తున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కున్నారు.

“కళ్ళు మూతలు పడ్డాయి గానీ, చెవులు పనిచేస్తూనే ఉన్నాయే నాకు,” అన్నారు మెల్లగా. “నీ గొంతో ఆయన గొంతో తెలీదా?”

నేను మాత్రలు ఆవిడ అరచేతిలో పెట్టాను.

“శ్రీ కూడా వదల్లేదు,” అన్నారు. నవ్వబోయారు, నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకున్నారు. “నోరెట్టా వచ్చిందో ఆ మనిషికి. ఆయనతో మాత్రం అనమాక. నేను విన్నానని తెలిస్తే ఇక బతకలేడు.”

అనలేదు. ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా, ఆ రోజు ఆ పేరు చెప్పినందుకు మామయ్యగారు నన్ను చుట్టాల ముందు తిడుతుంటారు. అత్తయ్యగారు మాట కలిపి, “కోడలికి బుద్ధి లేదండీ,” అంటారు, నావైపు చూడకుండా. కార్డులు మళ్ళీ అయిపోతే పాతవాటిలాగే అచ్చేయించాను. కొట్టు పేరు, పటమట, విజయవాడ. కొరియర్ కుర్రాడు ఫోన్ చేసి దేని దగ్గర మేడం అంటే, నేనిప్పటికీ లేచి వెనక గదిలోకే వెళ్తాను, మూటల మధ్య నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే చెప్తాను. ఇదివరకు ఆయన తిడతారని అలా చేసేదాన్ని. ఇప్పుడు ఆ పేరు ఆయన చెవిన మళ్ళీ పడకూడదని చేస్తున్నాను.